పౌడర్ బటన్

ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నవాళ్లు నా దగ్గరికొస్తే మొదట అడిగేది, ఏ కెమెరా కొనమంటారని. రెండోది, ఫొటోలు దిద్దడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని. ముప్ఫై ఏళ్లకు పైగా తణుకులో ఒకే స్టూడియోలో పనిచేసి మానుకున్నదాన్ని కాబట్టి ఈ రెండిటికీ నా దగ్గర జవాబులుంటాయని వాళ్ల నమ్మకం. ఉన్నాయి కూడా. అయితే వాటికంటే ముందు, నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. కొంతమంది సగం విని, మర్యాదగా తలూపి వెళ్లిపోతారు. మీరు చదువుతున్నారు కాబట్టి మధ్యలో లేచి వెళ్లినా నాకు తెలీదు. అదొక సుఖం.

నేను చేరినప్పుడు ఇంకా ఫిల్మ్ రోజులు. ప్రింట్ల అంచులు కత్తిరించడంతో మొదలుపెట్టి, రెండేళ్లకి రీటచింగ్ గదిలోకి వచ్చాను. ఆ గదిలో ఒక పెద్దాయన ఉండేవారు. కంటికి భూతద్దం పెట్టుకుని, నాలుగు వెంట్రుకల కుంచెతో ఒక్కో మొహం మీద అరగంట కూర్చునేవారు. దుమ్ము పడిన చోట ప్రింటు మీద తెల్లటి చుక్కలు వస్తాయి, వాటిని రంగుతో కప్పడం మా పని. ఆ గదిలో చేరిన వారంలోనే నేను అత్యుత్సాహంగా ఒక పెళ్లికూతురి గడ్డం మీది పుట్టుమచ్చని బ్లేడుతో గీకి శుభ్రం చేసేశాను. మెచ్చుకుంటారని తీసుకెళ్లి చూపిస్తే ఆయన ఆ ప్రింటు చింపేశారు.

“దుమ్ము మనదమ్మా,” అన్నారు. “మన గదిలో పడింది, మనమే తుడుచుకోవాలి. మచ్చ వాళ్లది. దాన్ని ముట్టుకోవడానికి మనమెవరం?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క ప్రింటుకి ఇంత ఉపన్యాసమా అనుకున్నాను. కానీ ఆయన ఉన్నన్నాళ్లూ మళ్లీ ఎవరి మచ్చ జోలికీ పోలేదు.

తర్వాత డిజిటల్ వచ్చింది. మా ఓనరు గారు ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి, డార్క్‌రూమ్ తీసేస్తున్నామని, కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లు ఉండొచ్చని చెప్పారు. పెద్దాయన తన కుంచెలు జేబురుమాల్లో చుట్టుకుని, అందరికీ నమస్కారం పెట్టి ఊరెళ్లిపోయారు. నాకప్పటికి నలభై దగ్గర పడుతున్నాయి. టైపు కూడా రాదు. ఇంట్లోవాళ్లు ఈ వయసులో ఇవన్నీ ఎందుకు, మానెయ్యమన్నారు. వాళ్లు మానెయ్యమన్నందుకే మానకూడదనిపించింది. నా స్వభావమే అంత.

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఆయనొకరు మా స్టూడియోలో ఉండేవారు, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. ఆయనే నాకు కంప్యూటర్ గురువు. మొదటిరోజు నా చెయ్యి చూసి, “అక్కగారూ, అది మౌసండి. అట్లకాడ కాదు, అంత గట్టిగా పట్టుకోకండి,” అన్నారు. రోజూ అందరికంటే గంట ముందు వచ్చి తెర మీద మౌస్‌తో ముగ్గులు వేసేదాన్ని. మొదటి నెలంతా నా ముగ్గు మీద గేదె నడిచినట్టు ఉండేది. మూడో నెలకి మెలికల ముగ్గు గీత తెగకుండా వేశాను. ఆ రోజు ఆయన వెళ్లి అందరికీ టీ చెప్పొచ్చారు.

ఆపైన కెమెరా. వెలుగు ఎటునుంచి పడితే ముక్కు నీడ ఎటు పోతుంది, ఎంత దూరంలో నిలబడితే మొహం మొహంలా ఉంటుంది, ఇవన్నీ ఒంటబట్టడానికి ఏడాది పట్టింది. చివరికి పాస్‌పోర్టు ఫొటోల పని మొత్తం నా చేతికొచ్చింది. స్టూల్ దగ్గరనుంచి కెమెరా స్టాండు దాకా నేల మీద ఏడు టైల్స్. స్టాండు కాళ్ల చోట ఎర్ర టేపు అంటించాను. వచ్చినవాళ్లు కూర్చోవడం, నేను నొక్కడం, అయిపోవడం.

వచ్చినవాళ్లందరి కోరికా ఒక్కటే, కాస్త తెల్లగా రావాలని. రోజుకి ఇరవైసార్లు విని విసిగిపోయి, నేనొక తెలివైన పని చేశాను. ఆ దిద్దుబాట్లన్నీ వరసగా కంప్యూటర్‌లో రికార్డు చేసి, కీబోర్డు మీద ఒక్క బటన్‌కి తగిలించాను. అది నొక్కితే చాలు, దుమ్ము చుక్కల్లాంటివన్నీ పోతాయి, చర్మం నున్నబడుతుంది, రంగు రెండు ఛాయలు తేలుతుంది, వెనక నీలం గుడ్డ ముడతలు లేకుండా సాపవుతుంది. డిజైనర్ దానికి పౌడర్ బటన్ అని పేరు పెట్టారు. పక్క వీధి స్టూడియోవాళ్లు వచ్చి ఆ కిటుకు అడిగితే చెప్పలేదు. అంత గర్వం ఉండేది నాకు. ఒక మొహం మీద అరగంట కూర్చున్నదాన్ని, అరనిమిషం కూడా చూడటం మానేశానని అప్పుడు తోచలేదు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. దిద్దిన ఫొటోని అసలు ఫొటో మీదే సేవ్ చేసేసేవాళ్లం. హార్డ్ డిస్క్ నిండిపోతుందని మా ఓనరు గారి భయం. “అసలు మొహం కావాలని ఎవరొచ్చి అడుగుతారండి?” అనేవారు. నిజమే, అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆ రోజుల్లో ఒక అమ్మాయి తల్లితో కలిసి వచ్చింది. దగ్గర్లోని పల్లెటూరు. తల్లి పొలం పనికి వెళుతుంది. అమ్మాయి డిగ్రీ చదువుతూ, సెలవుల్లో తల్లితోపాటు నాట్లకీ కోతలకీ వెళ్లేదట. కానిస్టేబుల్ ఉద్యోగానికి అప్లికేషన్ పెడుతోంది. రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద పరుగు ప్రాక్టీసు చేస్తోందని తల్లి గొప్పగా చెప్పింది.

“ఉద్యోగం ఫొటో అండి మేడమ్ గారండి. కాస్త తెల్లగా రానివ్వండి,” అంది.

నేను ఫొటో తీశాను, బటన్ నొక్కాను, ప్రింటు చేతికిచ్చాను. ఆ అమ్మాయి దాన్ని చాలాసేపు చూసింది.

“ఇది నేనేనా అండి?”

“నువ్వే. ఇంకా బాగున్నావు,” అని నవ్వేశాను. తల్లి కూడా నవ్వింది. అమ్మాయి మాత్రం ప్రింట్లు కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఏడాది తిరిగేసరికి ఒకరోజు పదకొండింటికి స్టూడియోకి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయే. ఫొటో కవర్ మీద మా నంబరు చూసి చేసింది. రాత పరీక్ష పాసైంది, పరుగు పాసైంది. ఆ రోజు రాజమండ్రిలో ఒక కాలేజీలో సర్టిఫికెట్ల పరిశీలన. అక్కడ ఆపేశారు. ఏడాదిగా ఎండలో పరిగెత్తి మొహం ఇంకా నల్లబడింది, అప్లికేషన్ ఫొటోలో ఉన్నది వేరే మనిషిలా ఉంది. టెన్త్ సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నం, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ అని రాసుంది. మొహం మీద మచ్చ ఉంది, ఫొటోలో లేదు. పోనీ వేలిముద్రలు చూద్దామంటే, నాట్లు వేసి కోతలు కోసి అరిగిపోయిన వేళ్లు, మెషీన్ మీద పడలేదు. ఫొటోలో ఉన్న మనిషెవరో వచ్చి ఈ అమ్మాయి బదులు పరీక్ష రాసిందని వాళ్ల అనుమానం. పరిశీలనకి అదే ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటిలోపు రుజువు చూపించకపోతే పేరు కొట్టేస్తామన్నారు.

ఇదంతా ఏడవకుండా చెప్పింది. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

“మచ్చ ఉన్న ఫొటో మీ దగ్గర ఉంటుంది కదండి?” అంది.

వెతికి చూస్తాను అని తప్పించుకోబోయి ఆగాను. “లేదమ్మా. దాని మీదే సేవ్ చేసేశాం. నువ్వు అక్కడే ఉండు, నేను వస్తున్నాను.”

వస్తున్నానని అనేశాను గాని వెళ్లి ఏం చెయ్యాలో తెలియదు. ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చెయ్యి అలవాటుగా ఆ బటన్ మీదికే వెళ్లింది. అప్పుడు తోచింది. అసలు ఫొటో లేకపోతే పోయింది, దాన్ని పాడుచేసిన బటన్ ఉంది కదా. చేసిన తప్పునే వాళ్ల కళ్లముందు మళ్లీ చేసి చూపిస్తాను. డిజైనర్‌కి చెబితే మారు మాట్లాడకుండా తన లాప్‌టాప్‌లోకి ఆ బటన్ సరంజామా అంతా ఎక్కించి ఇచ్చారు.

ఓనరు గారు కెమెరా ఇచ్చారు, వెళ్లమన్నారు. కానీ గుమ్మం దాకా వచ్చి, “స్టూడియో పేరు మీద మాత్రం ఏమీ రాసివ్వకండి. రేపు కోర్టూ గీర్టూ అంటే ఎవరు తిరుగుతారండి?” అన్నారు.

“అలాగేనండి,” అన్నాను. అప్పటికే స్టూడియో రబ్బరు స్టాంపు నా సంచిలో ఉంది. దాన్ని దొంగతనమే అంటారు.

భుజాన కెమెరా, చంకలో చుట్టిన నీలం గుడ్డ, ఒళ్లో లాప్‌టాప్. బస్సు గోదావరి దాటే సిద్ధాంతం బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో అరగంట ఆగిపోయింది. రావులపాలెంలో ఇంకో పావుగంట. కిందికి దిగి పరిగెత్తాలనిపించింది, ఆ పరుగు నాకు చేతనైతే ఆ అమ్మాయి బదులు నేనే కానిస్టేబుల్ అయ్యేదాన్ని. కాలేజీకి చేరేసరికి రెండున్నర దాటింది.

తల్లి వరండా మెట్ల మీద బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. అమ్మాయి ముందుకొచ్చింది. ఎడమ బుగ్గ మీద, పెదవి చివరకి కాస్త పైగా, మినపగింజంత మచ్చ. ఆ మొహాన్ని స్టూల్ మీద కూర్చోబెట్టి లైట్లు వేసి మరీ ఫొటో తీసినదాన్ని, ఆ మచ్చని ఆ రోజే మొదటిసారి చూశాను. తలెత్తుకోలేకపోయాను.

లోపల అధికారి కళ్లజోడు మీదనుంచి చూశారు.

“ఆ ఫొటో నేను తీశానండి. మచ్చ చెరిపింది నేనే,” అన్నాను.

“ఎందుకు చెరిపారు?”

“అందరికీ చెరుపుతానండి.”

“మాటలు ఎవరైనా చెబుతారమ్మా. నాకు రుజువు కావాలి.”

ఆయన మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు మీద నా చూపు పడింది. నుదుటి మీద ఒక్క గీత లేదు, బుగ్గలు నున్నగా ఉన్నాయి. నా తోటివాళ్లెవరిదో ఆ పనితనం. నేను చూడటం ఆయన చూశారు. కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

“సరే, కానివ్వండి. పదిహేను నిమిషాలు,” అన్నారు.

ఆ గదిలోనే నీలం గుడ్డని తల్లీ అటెండరూ చెరో కొసా పట్టుకున్నారు. అమ్మాయిని కూర్చోబెట్టి ఫొటో తీసి, లాప్‌టాప్‌లోకి ఎక్కించి, బటన్ నొక్కాను. మొహం పాలిపోయి, పచ్చగా వచ్చింది. మచ్చ ఉన్నచోటే ఉంది.

“మచ్చ అలాగే ఉందేమండి?” అన్నారు అధికారి.

వచ్చినవాళ్లందరి మచ్చలూ అడక్కుండా తుడిచిపారేసిన బటన్, అవసరమైన రోజున తుడవలేదు. ఆ అమ్మాయి నావైపు చూస్తోంది, నమ్మకంతో కాదు, ఇంకెవరూ లేరు కాబట్టి. ఆ చూపు చూశాక మాత్రం, ఇది తేలేదాకా ఇక్కడనుంచి కదిలేది లేదనుకున్నాను.

కళ్లు మూసుకుని మా స్టూడియో తలుచుకున్నాను. ఏడు టైల్స్. ఈ గది ఇరుకు. నేను బాగా దగ్గరగా నిలబడి తీశాను. ఫొటోలో మచ్చ పెద్దగా పడింది, అంత పెద్దదాన్ని బటన్ దుమ్ముగా లెక్కెయ్యదు. పైగా నెత్తిమీద ట్యూబ్‌లైట్. తప్పు బటన్‌ది కాదు. బటన్ వచ్చాక వెలుగూ దూరమూ చూసుకోవడం మర్చిపోయిన నాది.

“వరండాలోకి వెళదామండి,” అన్నాను.

“టైము చూసుకోండి,” అంటూనే ఆయనా లేచారు.

వరండా ఎదురుగా సున్నం వేసిన గోడ ఉంది. మధ్యాహ్నపు ఎండ దాని మీద పడి మెత్తగా ఇటు వస్తోంది, అచ్చం మా స్టూడియోలో గొడుగు లైటు లాగే. అమ్మాయిని ఎడమ బుగ్గ గోడవైపు ఉండేలా కూర్చోబెట్టాను. వెనక తల్లీ అటెండరూ మళ్లీ గుడ్డ పట్టుకున్నారు. మా టైల్ ఒక్కోటీ పన్నెండు అంగుళాలు, నా పాదం తొమ్మిది అంగుళాలు కూడా ఉండదు. చెప్పులు విప్పి, పాదం వెంట పాదం పెట్టి, నా పాదాలు తొమ్మిదిన్నర కొలిచి అక్కడ నిలబడ్డాను. కుడిపక్క నీడ ఎక్కువైంది. వరసలో నిలబడిన ఇంకో అభ్యర్థి అడక్కుండానే తన తెల్ల ఫైలు తెచ్చి, “ఇది పట్టుకోమంటారా అండి?” అంది. పట్టుకుంది. నీడ తగ్గింది.

ఫొటో తీశాను. లాప్‌టాప్‌ని వరండా గట్టు మీద పెట్టి, ఆయన్ని పక్కన నిలబెట్టి, బటన్ నొక్కాను.

మచ్చ పోయింది. మొహం తెల్లబడింది. ఏడాది కిందటి అమ్మాయి తెర మీద కూర్చుని ఉంది. ఆయన అప్లికేషన్‌లోని ఫొటోని తెర పక్కన పెట్టి చూశారు. చెవుల దగ్గరనుంచి గడ్డం దాకా పోల్చి చూశారు.

“వెనక్కి తీసుకురండి.”

వెనక్కి తెచ్చాను. మచ్చ వచ్చింది.

“మళ్లీ నొక్కండి.”

పోయింది. అలా నాలుగుసార్లు చేయించారు. వరసలో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు. కూతురి మచ్చ వస్తూ పోతూ ఉంటే తల్లి నీలం గుడ్డ వదిలేసి ముందుకొచ్చింది.

“తెల్లగా రానివ్వమని నేనే అడిగానండి,” అంది అధికారితో. “దానికేం తెలీదండి.”

“ఆవిడ అడిగారు, చేసింది నేను,” అన్నాను. “రంగు అడిగారు గాని, మచ్చ తియ్యమని ఎవరూ అనలేదండి.”

ఆయన తెల్ల కాగితం ఇచ్చారు. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి, సంచిలోంచి స్టాంపు తీసి గట్టిగా గుద్దాను. ఏమీ పడలేదు. సిరా ప్యాడ్ తేలేదు. ఆయన తన బల్ల మీది ప్యాడ్ నావైపు జరిపారు. గదిలో తీసింది, వరండాలో తీసింది, బటన్‌తో దిద్దింది, మూడు ఫొటోలూ పెన్ డ్రైవ్‌లో ఇచ్చాను. గోడ గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

“నిర్ణయం పైవాళ్లదమ్మా. నా కళ్లతో చూసింది నేను రాస్తాను,” అన్నారు. ఆ అమ్మాయి నమస్కారం పెట్టబోతే నేనే ఆ చేతులు పట్టుకున్నాను. దండం పెట్టించుకునే పని కాదు నేను చేసింది.

మర్నాడు ఓనరు గారు సొరుగులన్నీ వెతుకుతుంటే, స్టాంపు తీసి బల్ల మీద పెట్టి మొత్తం చెప్పేశాను. ఉద్యోగం పోతే పోనీ అని సిద్ధపడే చెప్పాను. ఆయన చాలాసేపు స్టాంపు అటూ ఇటూ తిప్పి చూశారు.

“ప్యాడ్ కూడా తీసుకెళ్లాల్సిందండి,” అన్నారు.

ఆ రోజే ఆ బటన్ తీసేశాను. అసలు ఫొటోలు దాచడానికి ఇంకో హార్డ్ డిస్క్ కొనిపించాను. తెల్లగా కావాలన్నవాళ్లు కొందరు అలిగి పక్క వీధి స్టూడియోకి వెళ్లారు. “అక్కగారూ, మీ పట్టుదల తగ్గించే బటన్ ఒకటి ఉంటే బాగుండునండి,” అన్నారు డిజైనర్. తర్వాతి ఆదివారం పెద్దాయన ఊరు వెతుక్కుంటూ వెళ్లి ఆయనకీ చెప్పాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

“ఇప్పుడు మొహం ఎంతసేపు చూస్తున్నావమ్మా?”

“అయిదు నిమిషాలండి.”

“పర్లేదు,” అన్నారు.

మీ ఫోన్లలో ఇప్పుడు ఆ బటన్ మీరు నొక్కకుండానే నొక్కుకుంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆపడం నేర్చుకోండి. అప్లికేషన్లకీ గుర్తింపు కార్డులకీ వెళ్లే ఫొటోకి అసలు వాడకండి. అసలు ఫైలు మీద ఎప్పుడూ సేవ్ చెయ్యకండి. వెలుగు గురించీ దూరం గురించీ చేత్తో నేర్చుకోండి, అవే చివరికి ఆదుకుంటాయి. అన్నిటికంటే ముందు, కెమెరా ఎత్తేలోపు ఎదుటి మనిషిని ఒకసారి చూడండి.

ఆ పరిశీలన అయ్యాక రెండు నెలలు ఆ అమ్మాయి దగ్గరనుంచి ఏ కబురూ లేదు. స్టూడియోలో ఫోన్ మోగినప్పుడల్లా పని వదిలేసి నేనే ఎత్తేదాన్ని. తర్వాత ఒక సాయంత్రం తల్లే చేసి, సెలక్టయిందని చెప్పింది. ట్రైనింగ్ అయ్యాక ఆ అమ్మాయి ఖాకీ బట్టల్లో స్టూడియోకి వచ్చింది, డిపార్ట్‌మెంట్ కార్డుకి ఫొటో కావాలని. వెంట తల్లి. స్టూల్ మీద కూతురు కూర్చోగానే అలవాటుగా, “కాస్త,” అని నోరు తెరిచి, అక్కడే ఆగిపోయింది.

ఎడమ బుగ్గ మీద వెలుగు పడేలా లైటు తిప్పాను. తీరిగ్గా చూసి, తీశాను. ఎనిమిది ఫొటోల ప్రింటు చేతికిచ్చి, ఆ పాత ప్రశ్న కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆ అమ్మాయి ప్రింటుని వెలుగులో పెట్టి చూసుకుంది. ఆ ప్రశ్న అడగలేదు.

“ఎనిమిది చాలవండి,” అంది. “మా అమ్మ తనకి ఇంకో నాలుగు కావాలంటోంది.”